అంబదాస్ పారేసిన స్లైడ్లు

అంబదాస్ చెయ్యి పడితే రంగు పట్టకుండా ఉండదని ఆ సంస్థలో ఒక మాట ఉండేది. పంజాగుట్ట చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో, పెద్దాసుపత్రుల వెనక సందులో ఉండేది ఆ భవనం. కింద మందుల దుకాణాలు, పైన మూడంతస్తుల్లో పరిశోధన. డాక్టర్ చక్రపాణి గారు దానికి పెద్ద, అంబదాస్ టెక్నీషియను. బియ్యపుగింజంత చేపపిల్లల్ని గడ్డకట్టించి, మెదడును పొరలు పొరలుగా కోసి, గాజు స్లైడ్ల మీద పరిచి, రంగు మందు పట్టించి మైక్రోస్కోపు కిందికి పంపడం అతని పని. పదో తరగతి తప్పిన మనిషి. అయితేనేం, పెద్ద చదువులవాళ్ళు చింపి పారేసే పొరను అతను చిటికెలో తీసి ముడత లేకుండా స్లైడు మీద పెట్టేవాడు. చెయ్యి అలాంటిది. ఆ చెయ్యే కొంప ముంచింది, అదీ తనది కాదు, పక్కవాళ్ళది.

అతను సిరిసిల్ల నేతపని ఇంట్లో పుట్టాడు. తండ్రి మొగిలయ్య బట్ట నేస్తే షావుకారు మడత విప్పి చూసేవాడు కాదు. ఎందుకు చూస్తాడు? చెడింది ఏనాడైనా గడప దాటితే కదా! పోగు తెగిన ముక్క ఉంటే మొగిలయ్య అక్కడికక్కడే కత్తిరించి, పొయ్యి దగ్గర మసిగుడ్డకు పడేసి, ఆ మూర మళ్ళీ నేసేవాడు. ఇంట్లో ఎన్ని మసిగుడ్డలున్నాయో బయట ఎవరికీ తెలియదు. "చెడ్డది మన ఇంట్లనే చావాలెరా" అనేవాడు కొడుకుతో. అంబదాస్ మగ్గం వదిలి పట్నం వచ్చి బోరబండలో కాపురం పెట్టాడు గానీ ఆ మాట మాత్రం వదల్లేదు.

రెండువేల నాలుగులో రాగసుధ వచ్చింది. భీమవరం పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, పీహెచ్‌డీకి చేరింది. మొదటిరోజే వచ్చి, "అంబదాస్ గారూ, మీరు పొర ఎలా తీస్తారో నాకు కాస్త నేర్పుతారా?" అని అడిగింది. పదేళ్ళ నుంచి "ఏయ్ అంబదాస్, ఆ డబ్బా ఇటు తే" అని పిలిపించుకున్న చెవులవి. ఆ గారూ అన్న పిలుపుకు మనిషి ఐసుముక్కలా కరిగిపోయాడు. ఇంటికెళ్ళి భార్య చంద్రావతికి నాలుగుసార్లు చెప్పాడు. ఆమె జాకెట్లు కుట్టే మిషను ఆపకుండానే, "సరేగానీ జీతం సుత పెంచుతదా మీ మేడం?" అని నవ్వింది.

భోజనాల వేళ డబ్బా విప్పుకుని రాగసుధ తన పని గురించి చెప్పేది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు రెండు రకాలుగా వెళుతుంది. ఒక రకం అతుకు దగ్గర ఇటు కణం మందు చుక్క చల్లితే అటు కణం అందుకుంటుంది. రెండో రకంలో చల్లుకోవడాలు లేవు. రెండు కణాల గోడలూ ఆనుకుంటాయి. ఇటు సగం గొట్టం, అటు సగం గొట్టం కలిసి ఒక్కటవుతాయి, కరెంటు సూటిగా దాటేస్తుంది. తొట్టి మీద వేలితో తడితే చేపపిల్ల తటాలున తిరిగి పారిపోతుందే, ఆ వేగం అలాంటి అతుకుల వల్లే.

"ఆ గొట్టాలు దేంతోని చేస్తరు మేడం?"

"కనెక్సిన్ అని ప్రోటీనండీ. మీరు రంగు పట్టించేది దానికే. మైక్రోస్కోపులో ఆకుపచ్చగా చుక్కలు కనిపిస్తాయి చూడండి, అవే."

"గవి అక్కడ్నే తయారైతయా?"

రాగసుధ ముఖం వెలిగిపోయింది. "అదే కదండీ నా ప్రశ్న! తయారయ్యేది కణం పొట్టలో. అతుకేమో ఎక్కడో దూరంగా, కణం నుంచి సాగిన కొమ్మ చివర ఉంటుంది. తయారైన సరుకును చిన్న చిన్న సంచుల్లో కట్టి, కణం లోపలి దారుల వెంట మోసుకుపోయి, సరిగ్గా ఆ అతుకు దగ్గరే దింపాలి. పక్కనే వంద అతుకులుంటాయి. వాటి దగ్గర దింపకూడదు. ఎవరు మోస్తున్నారు? చిరునామా ఎవరు చెబుతున్నారు? ఎవరికీ తెలీదండీ ఇంతవరకు."

"మీకు తెలుసా?"

"ఒకడి మీద అనుమానం ఉంది." అని నవ్వింది. అతుకు దగ్గరికి సరుకు చేర్చే మేస్త్రీ ఫలానా ప్రోటీనే అని ఆమె అనుమానం. ఆ మేస్త్రీని తయారుచేసే జీను జంటలో ఒకటి చెడిపోయిన చేపల్ని బయటి దేశం నుంచి తెప్పించుకుంది. వాటి పిల్లల్లో ఏమవుతుందో చూడాలి. ఏమవుతుందని ఆమె అనుకుంటోందో మాత్రం చెప్పలేదు. "మీకు చెప్పకూడదండీ. రంగు వేసే చేతికి జవాబు తెలిస్తే చెయ్యి అటే మొగ్గుతుంది. మా పద్ధతి అంతే. మీకు అంకెలు మాత్రమే ఇస్తాను, ఏ పిల్ల ఎలాంటిదో మీకూ తెలీదు, నాకూ తెలీదు." నిజాయితీ కోసం పెట్టుకున్న పద్ధతి. తప్పు పట్టడానికి లేదు.

పని మొదలైంది. ప్రతి చేపపిల్లకూ ఒక అంకె. తోక కొస కత్తిరించి అదే అంకె వేసిన గొట్టంలో దాచాలి. ఆ పిల్లకు ఏ జీను వచ్చిందో తోకను పరీక్షిస్తే తెలుస్తుంది. మెదడేమో అంబదాస్ కత్తి కిందికి. "పరీక్షకు ఖర్చెక్కువ అంబదాస్ గారూ, స్లైడు బాగా వచ్చినవాటి తోకలే పంపుదాం" అంది రాగసుధ. ఆ ఒక్క మాటలో ఆమె పాపం కూడా కాస్త ఉంది, పాపం!

మొదటి నలభై స్లైడ్లు అయ్యాయి. ఎవరికైనా ఇచ్చేముందు ఒకసారి తనే చూసుకోవడం అంబదాస్‌కు అలవాటు. చీకటి గదిలో ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ముప్పై చక్కగా ఉన్నాయి. అతుకు ఉండాల్సిన చోట ఆకుపచ్చ చుక్కలు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. పది మాత్రం వేరేగా ఉన్నాయి. అతుకు దగ్గర ఒక్క చుక్కా లేదు, చీకటి. కణం పొట్టలో మాత్రం ఆకుపచ్చ ముద్దలు ముద్దలుగా పేరుకుని ఉంది.

ఇంకేముంది అనుకున్నాడు అంబదాస్. మందు గడ్డకట్టింది, పట్టాల్సిన చోట పట్టలేదు, తన చెయ్యి తప్పింది. ఆ పదీ గబగబా తీసి గాజుముక్కలు పారేసే డబ్బాలో వేశాడు. వాటి తోకల గొట్టాలూ దాంట్లోనే పడేశాడు. ఇంకో పధ్నాలుగు పిల్లల్ని తీసి, పొద్దున్నే ఏడింటికే వచ్చి మళ్ళీ చేసి, అందులో పది మంచివి ఏరి, వాటికి పారేసినవాటి అంకెలే వేసి, నలభై లెక్క సరిచేసి ఇచ్చాడు. పుస్తకంలో నలభై చేసినట్టే రాశాడు. రాగసుధ చూసి, "అబ్బ! ఏం చేతులండీ మీవి!" అంది. ఇంకేం చెబుతాడు?

రెండో విడతలోనూ అంతే. మూడో విడతలోనూ అంతే. నాలుగు చేస్తే ఒకటి పాడు. మందు సీసా మార్చాడు. నీళ్ళు మార్చాడు. స్లైడ్లు వెనిగరుతో కడిగాడు. మంగళవారం రంగు వెయ్యడం మానేశాడు. చెబితే నవ్వుతారు గానీ దిష్టి తగిలిందేమోనని మైక్రోస్కోపు బల్లకు నిమ్మకాయ కూడా కట్టి, చక్రపాణి గారు చూస్తారని మళ్ళీ విప్పేశాడు. ఏం చేసినా నాలుగింట ఒకటి అలాగే వచ్చేది.

"గట్ల మనాది పడే బదులు మేడంకు చెప్పరాదు?" అంది చంద్రావతి ఒకనాడు.

"ఏమని చెప్పాలె? నాలుగు చేస్తే ఒకటి ఖరాబ్ చేస్తున్న అని చెప్పాలెనా? గంత నమ్మింది నన్ను."

"నమ్మినోళ్ళకే చెప్పాలె. నమ్మనోళ్ళకు చెప్తే ఏం, చెప్పకుంటే ఏం?"

"నువ్వు ఊకో. నీకు తెల్వది."

తెలియనిది ఎవరికో ఆ దేవుడికే ఎరుక. చంద్రావతి మళ్ళీ మిషను తొక్కసాగింది.

మూడేళ్ళు ఇలాగే గడిచాయి. రాగసుధ నూట అరవై తోకలు పరీక్షకు పంపింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పక్కలా చెడిన జీను వచ్చిన పిల్ల కావాలి ఆమెకు. అలాంటి పిల్లలోనే మేస్త్రీ పూర్తిగా లేకుండా పోతాడు. లెక్క ప్రకారం నలభై దొరకాలి. ఒక్కటీ దొరకలేదు. చక్రపాణి గారు కాగితాలు చూసి కళ్ళద్దాలు తీశారు. "అవి గుడ్డులోనే చచ్చిపోతున్నాయమ్మా. ప్రతి ఈతలో కొన్ని గుడ్లు చావడం చూస్తూనే ఉన్నాం కదా, అవే ఇవి. ఈ చేపలతో నీకు జవాబు రాదు" అన్నారు. అప్పుడు అంబదాస్ పక్కగదిలోనే బీకర్లు కడుగుతున్నాడు. ఒక్కటీ దొరకలేదన్న మాట చెవిన పడింది. మనకిప్పుడు ఇట్టే తెలిసిపోతోంది గానీ, అతనికి తట్టలేదు. తన పాడు స్లైడ్లకూ ఆమెకు దొరకని పిల్లలకూ ముడి ఉందని ఎవరు చెప్పారు అతనికి? "పాపం మేడం" అనుకుని బీకరు ఇంకోసారి కడిగాడు.

ఫెలోషిప్పు అయిపోయింది. ఇంకో ప్రశ్నతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక రాగసుధకు లేకపోయింది. అప్పుడు అమీర్‌పేటలో అడుగు తీసి అడుగు వేస్తే చేతిలో ఒక కరపత్రం పడేది. మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగు, ఉద్యోగం ఖాయం అని. ఎమ్మెస్సీలూ బీఎస్సీలూ సివిలింజినీర్లూ అందరూ ఆ కోచింగు సెంటర్ల మెట్లే ఎక్కుతున్నారు. రాగసుధా ఎక్కింది. వీడ్కోలు నాడు సమోసాలు తింటూ అందరి ముందూ అంది: "నా ఊహే తప్పండీ. ఎవరి లోపమూ లేదు. మూడేళ్ళలో అంబదాస్ గారి చేతిలో ఒక్క స్లైడు పాడైంది లేదు. అంతకంటే ఏం కావాలి?" అందరూ చప్పట్లు కొట్టారు. అంబదాస్ దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడ్డాడు. ఆరోజే నోరు విప్పి ఉంటే ఎంత బాగుండేది! విప్పలేదు.

రెండువేల పదకొండు. శుక్రవారం శుక్రవారం కుర్రశాస్త్రులంతా కూర్చుని ఎవరిదో ఒక కొత్త పరిశోధన చదివి చర్చించుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆరోజు జగదీశ్ అనే పీహెచ్‌డీ కుర్రాడి వంతు. ప్రొజెక్టరు సరిచేస్తూ అంబదాస్ గోడ పక్కన ఉన్నాడు. జగదీశ్ బొమ్మ మార్చాడు. తెరంతా చీకటి, మధ్యలో ఆకుపచ్చ.

అతుకు దగ్గర ఒక్క చుక్కా లేదు. కణం పొట్టలో ఆకుపచ్చ ముద్దలు.

అంబదాస్ తెరకు దగ్గరగా జరిగాడు. ఆ బొమ్మ అతనికి కొత్త కాదు. మూడేళ్ళపాటు చూసినదే. సమావేశం అయ్యేదాకా ఎలా నిలబడ్డాడో తెలియదు. అందరూ వెళ్ళాక జగదీశ్‌ను పట్టుకున్నాడు.

"సార్, గా బొమ్మ... గది రంగు సరిగ పట్టక గట్లొచ్చింది గదా?"

"లేదన్నా, గదే అసలు రిజల్టు. చేరేసే ప్రోటీన్ లేదు, అందుకే సరుకు జాయింటు దాకా పోలేదు. తయారైన కాడ్నే పడి ఉన్నది. బయటి దేశపోళ్ళు పట్టిండ్రు. మస్తు పేరొచ్చింది."

"మందు గడ్డకట్టిందేమో?"

జగదీశ్ నవ్వాడు. "మందు గడ్డకడితే స్లైడంతా కడతది గదన్నా. పొట్టల మాత్రమే గట్ల ఎందుకు కడతది? ఇంకొకటి జూడు, నాలుగింట ఒకటే గట్లొస్తున్నది. తల్లిదండ్రుల్ది చెరొక చెడ్డ జీను రెండూ కలిసే పిల్ల లెక్క అంతే, నాలుగింట ఒకటి. ఆ లెక్క కుదిరిందంటే ఇగ డౌటే లేదు."

నాలుగింట ఒకటి. అంబదాస్ అక్కడే ఒక కుర్చీలో కూలబడ్డాడు. దిష్టి అనుకున్నాడు, మంగళవారం అనుకున్నాడు, ముసలితనం అనుకున్నాడు. తన చెయ్యి ఏనాడూ తప్పలేదు. తప్పలేదన్న సంగతే అప్పుడు అతన్ని నిలువునా కోసింది. చెయ్యి తప్పి ఉంటే అదొక ఊరట. ఆ పిల్ల మూడేళ్ళు వెతికినదాన్ని, చేతుల్లోకి వచ్చినదాన్ని వచ్చినట్టే చెత్తలో వేశాడు. అదీ ఆమె మీద అభిమానంతో. మంచికి పోతే చెడు ఎదురైందంటారు. ఇక్కడ మంచే చెడయి కూర్చుంది.

ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. చంద్రావతికి అంతా చెప్పాడు. ఆమె మిషను ఆపి వింది. నేను ముందే చెప్పలేదా అని అనొచ్చు, అనలేదు. ఆ మేలు చేసింది మహాతల్లి.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం?" అంది. "అయ్యిందేదో అయ్యింది. ఆ పిల్ల నౌకరి చేసుకుంటున్నది, తన బతుకు తను బతుకుతున్నది. చెప్తే నీ బరువు దిగుతది, ఆమె మీద పడతది."

"చెప్పకుంటే నా ఊహే తప్పు, నా ఊహే తప్పు అనుకుంటనే ఉంటది చంద్రా. ఆమె తప్పు కాదు గదా."

వారం రోజులు కొట్టుకున్నాడు. చెప్పాలనిపించేది, వద్దనిపించేది. చివరికి ఫోను చేశాడు. "అయ్యో అంబదాస్ గారూ! బాగున్నారా? ఆదివారం అమీర్‌పేట రండి. పొద్దున నాకు క్లాసుంది, అది అవగానే టిఫిను చేద్దాం" అంది రాగసుధ. వారమంతా ఒక కంపెనీలో టెస్టరుగా ఉద్యోగం, ఆదివారాలు ఒక కోచింగు సెంటరులో పాఠం.

మైత్రీవనం దగ్గర బస్సు దిగి, బోర్డులు చదువుకుంటూ, మూడో అంతస్తు చేరాడు. మెట్ల మీద నిలబడి ఉంటే లోపల ఆమె గొంతు వినిపిస్తోంది. "ప్రోగ్రాము బాగా నడిచినప్పుడు రాసుకోవడం ఎవరైనా రాసుకుంటారు. నడవనప్పుడు ఏమైందో రాయండి. మళ్ళీ మళ్ళీ ఒకేలా చెడుతోందంటే అది మీ చేతి పొరపాటు కాదు. అక్కడేదో ఉంది." పిల్లలు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. అంబదాస్ తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు. రెండు మెట్లు దిగాడు కూడా. అప్పటికే ఆమె తలుపు తీసుకుని వచ్చేసింది.

కింద టిఫిను సెంటరులో ఆమె ఇద్దరికీ ఇడ్లీ చెప్పింది. ఇడ్లీ రాకముందే అంబదాస్ మొదలుపెట్టాడు. లేకపోతే ఆ కాస్త ధైర్యం కూడా జారిపోయేది. పారేసిన స్లైడ్ల సంగతి, పుస్తకంలో రాయని సంగతి, తోకల గొట్టాల సంగతి, జగదీశ్ చూపించిన బొమ్మ సంగతి, అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్లవైపే చూశాడు.

రాగసుధ ముందు నమ్మలేదు. "నాలుగింటికి ఎన్నన్నారు?"

"ఒకటి మేడం. ఎప్పుడు చేసినా ఒకటే."

ఆమె పెదవులు కదిలాయి. లెక్క వేసుకుంటోంది. వేసుకోవడం అయిపోయినట్టు ముఖంలోనే తెలిసింది. ఇడ్లీలు వచ్చాయి, పొగలు పోయాయి, చల్లారాయి. ఇద్దరూ ముట్టుకోలేదు.

"తిట్టుండ్రి మేడం. కొట్టినా పడత."

"తిట్టి ఏం చేస్తానండీ?" అంది ఆమె. "మీరు నాకోసమే చేశారు. అదే కదా నా ఖర్మ. పగతో చేసుంటే ఎంత బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని." ప్లేటు పక్కకు జరిపి, "నేను పనికిరానిదాన్ని, పరిశోధన నా వల్ల కాదు అని నాకు నేను చెప్పుకుని, నమ్మించుకుని, ఒప్పించుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టిందండీ" అంది.

అంబదాస్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం ఏడవలేదు. గ్లాసులోని నీళ్ళవైపు చూస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఎలా ఉండేదండీ?"

"ఏంది మేడం?"

"ఆ స్లైడు. మీరు చూసింది. ఎలా ఉండేదో చెప్పండి."

అంబదాస్ చెప్పాడు. అతుకు ఉండాల్సిన చోట గీత ఉంటుంది గానీ చుక్కలుండవని చెప్పాడు. పొట్టలో ఆకుపచ్చ ఒకపక్కకే పేరుకుంటుందని, కొమ్మ మొదట్లో ఒకటో రెండో చుక్కలు బయల్దేరి మధ్యలో ఆగిపోయినట్టుంటాయని, కొమ్మ కొస చీకటిగా ఉంటుందని చెప్పాడు. చేతులతో బల్ల మీద గీసి చూపించాడు. ఇన్నేళ్ళయినా ఒక్కటీ మరిచిపోలేదు. రాగసుధ కళ్ళు మూసుకుని వింది.

"మధ్యలో ఆగిపోయేవా?"

"అవును మేడం. ఒకటో రెండో."

"అది వాళ్ళ పరిశోధన పేపర్లో ఉందా?"

"లేదు మేడం. గా బొమ్మల అది కనబడలే."

ఆమె కళ్ళు తెరిచింది. "ఎన్ని చూసుంటారు మొత్తం?"

"యాభైకి పైనే మేడం."

"నేను ఒక్కటీ చూడలేదండీ" అంది రాగసుధ.

పైనుంచి ఎవరో, "మేడం, తర్వాతి బ్యాచి వచ్చింది" అని కేకేశారు. ఆమె లేచి, ఇడ్లీలకు డబ్బులిచ్చి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.